శ్రీ లేని కబురు

ఉపగ్రహాలన్నీ మూగబోయాక భీమిలిలో ఇంటింటి డాబా మీదా ఓ పొడవాటి రేడియో తీగె వెలిసింది. మీటను 'కుందేలు' మీద పెడితే గొంతే వినిపిస్తుంది గానీ, రేవు చుట్టుపక్కలు దాటి పోదు. 'నత్త' మీద పెడితే కబురు నడిసముద్రం దాకా వెళ్తుంది గానీ, ఒక్కో అక్షరానికి గంట పడుతుంది.

ఆ ఉదయం తుపాను హెచ్చరిక వచ్చింది. ఎర్రయ్య పడవ నడిసముద్రంలో ఉంది. అతని భార్య కాసులమ్మ మీటను నత్త మీదికి తిప్పి, 'రా' అన్న ఒక్క అక్షరం పంపబోయింది.

"పైన శ్రీ పెట్టవేటే?" అంది అత్త నూకాలు. "శ్రీ లేకండా కబురెడితే ఇంట్లో ఎవులో పోయారనుకుంటాడు."

"శ్రీకి ఇంకో గంట పడతాది అత్తా. ఈలోగా గాలి మొదలైపోద్ది."

"మొన్న వంకాయ కూర వండేనని సెప్పడానికి పొద్దల్లా కూకున్నావు. నా దీవెనకి గంట లేదేటి?"

కాసులమ్మ 'రా' పంపేసింది. నూకాలు మూతి ముడుచుకుని మెట్ల మీద కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక రేడియోలో ఎర్రయ్య గొంతే వినిపించింది. "అమ్మకేటయింది? వచ్చేత్తన్నాను."

గొంతు వినబడిందంటే పడవ రేవు దగ్గరికి వచ్చేసినట్టే. కాసులమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు బాగానే ఉన్నావని సెప్పేత్తానత్తా. పాపం, ఏడుత్తన్నాడు."

నూకాలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"సెప్పకే. సెప్తే మళ్ళీ వలేసుకుని అక్కడే కూకుంటాడు. ఆడు ఒడ్డెక్కేదాకా నేను సచ్చిపోయే ఉంటాను."