లైట్లున్నదే బండి

"ఇదీ పట్టి చావలేదు!" అంటూ రూఫీనో చేతిలోని హెడ్‌లైటుని గడ్డిలోకి విసిరేశాడు.

విసరడమైతే విసిరాడు గానీ, వెంటనే పరిగెత్తుకెళ్లి తీసి చూసుకున్నాడు. పగల్లేదు. దుకాణంలో తిరిగి ఇచ్చి ఇంకోటి అడగాలిగా మరి.

ఆ పాత మోటారు ఇల్లు ఎవడు కట్టాడో గానీ వాడి చేతులు విరగ. చట్రం లారీది, తలుపులు బస్సువి, ముందు లైట్లు ఏ కారువో దేవుడికే తెలియాలి. పొద్దుటి నుంచీ పాత సామాన్ల దుకాణానికి సైకిల్ తొక్కీ తొక్కీ రూఫీనో మోకాళ్లు అరిగిపోయాయి. టాక్సీ లైట్లు తెస్తే పెద్దవయ్యాయి. అంబులెన్సువి తెస్తే చిన్నవయ్యాయి.

సాయంత్రానికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేస్తుంది. మునిసిపాలిటీ వాళ్లు కొత్త ఆర్డరు వేశారు. సరస్సు ఒడ్డున ఇక బండ్లే ఉండాలట. ముందు లైట్లు రెండూ వెలిగితే అది తిరిగే ఇల్లు, ఉండొచ్చు. వెలగకపోతే గుడిసె, క్రేను పెట్టి ఎత్తుకుపోతారు. రూఫీనోకి, అతని భార్య నేలిదాకి తల దాచుకోడానికి ఈ రేకు డబ్బా తప్ప మరోటి లేదు.

మూడో జత పాత పికప్‌వి. గుంటలో బుద్ధిగా కూర్చున్నాయి. తీరా చూస్తే వెనక బిగించే మర తుప్పు పట్టి కదలనంటోంది. రూఫీనో సుత్తి ఎత్తాడు.

"ఏయ్ ముసలాయనా! కొట్టకు!" లోపల నూనెలో తోర్తా రొట్టెలు వేయిస్తున్న నేలిదా కిటికీలోంచి అరిచింది.

"కొట్టకుండా ఎలా ఊడుతుందే? ముద్దు పెట్టుకోమంటావా?"

"ముద్దు పెట్టుకుంటావో మొక్కుకుంటావో నాకు తెలీదు. చప్పుడు మాత్రం చెయ్యకు."

పక్క బండిలో ఉండే ఒవీదియో మాతే టీ గ్లాసుతో వచ్చి, తీరుబడిగా పీలుస్తూ చూశాడు. "బానెట్ ఎత్తి వెనక నుంచి చెయ్యి పెట్టరాదూ? రెండు నిమిషాల పని."

"బానెట్ జోలికెళ్లారంటే మీ ఇద్దరికీ తిండి లేదు," అంది నేలిదా.

"విన్నావుగా," అన్నాడు రూఫీనో పళ్లు కొరుకుతూ. "ఇల్లు పోయినా పరవాలేదు గానీ ఈవిడ మాట పోకూడదు."

లైటు పెట్టే బొక్కలోంచే చెయ్యి దూర్చాడు. తడుముతుంటే ఏదో చురుక్కున పొడిచింది. చెయ్యి లాక్కుని, రక్తం చప్పరిస్తూ, బండి కట్టినవాడి ఏడు తరాలనీ పేరుపేరునా తిట్టాడు. మళ్లీ దూర్చాడు. మళ్లీ పొడిచింది. ఏడుపొక్కటే తక్కువ. చివరికి మర వదిలింది. రెండు లైట్లూ బిగిశాయి.

"నీ బ్యాటరీ ఏనాడో చచ్చింది కదయ్యా," అని ఒవీదియో తన లారీ బ్యాటరీ విప్పి తెచ్చి, డ్రైవరు సీటు కింద పెట్టి తీగలు కలిపాడు.

ఇంతలో మునిసిపాలిటీ కారు రానే వచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ మెడకి మఫ్లర్ చుట్టుకుని దిగింది. "వెయ్యండి," అంది.

రూఫీనో బండెక్కి మీట నొక్కాడు. ఒకటి వెలిగింది. రెండోది వెలగలేదు. కిందికి దిగి, అరచేత్తో దాని చెంప మీద ఒక్కటిచ్చాడు. వెలిగింది.

ఇన్‌స్పెక్టరమ్మ తల పంకించి, బానెట్ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "లోపల ఏదో గుర్రుమంటోంది. ఇంజన్ ఆన్‌లోనే ఉందా?"



"ముసలిదమ్మా," అంది నేలిదా, వేడి తోర్తాల పళ్లెంతో అడ్డం వచ్చి. "దాని మానాన దాన్ని వదిలేసినా అలా గొణుగుతూనే ఉంటుంది. ఇదిగో, ముందు ఇవి తినండి, చల్లారిపోతాయి."

ఇన్‌స్పెక్టరమ్మ ఒకటి తిని, రెండోది తీసుకుని, అద్దానికి పచ్చ స్టిక్కరు అంటించింది. "తిరిగే ఇల్లే, సందేహం లేదు. మరి ప్రయాణం ఎప్పుడు?"

"పిల్లలు రావాలిగా అమ్మా. ఇవాళో రేపో," అంది నేలిదా.

"అదృష్టవంతులు," అని నవ్వి ఆమె వెళ్లిపోయింది.

కారు మలుపు తిరిగాక నేలిదా మెల్లగా బానెట్ ఎత్తింది. ఎప్పుడో నేలిదా ఆపరేషన్ కోసం అమ్మేసిన ఇంజన్ చోట, గడ్డి పరుపు మీద గుడ్లు పొదుగుతున్న కోడి, ఇంకెవరి చెయ్యి వస్తుందోనని ముక్కు ఎత్తి గుర్రుమంది.