పన్ను లేని చోటు

కంపెనీ వెళ్లిపోతోందని తెలిసినప్పుడు తనుజ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పన్ను రాయితీ ఎప్పుడూ కొత్తగా వచ్చే కంపెనీలకే. తమిళనాడులో ధర్మపురి దగ్గరి ఈ సోగత్తూరులో వాళ్ల గడువు అయిపోతోంది. చిత్తూరు దగ్గర పెడితే మళ్లీ మొదటి నుంచి రాయితీ ఇస్తారట. అలాంటప్పుడు ఏ యజమాని ఆగుతాడు?

వాళ్లు చేసేది వ్యవసాయ మోటార్లకు కంట్రోలర్లు. వోల్టేజి ఎంత ఎగిరిపడినా మోటారు కాలిపోకుండా కాపాడే కొత్త డిజైన్ ఒకటి తనుజ బృందం చేతిలో సగంలో ఉంది.

ఆ బృందంలో ముందు అరివళగన్ రాజీనామా ఇచ్చాడు. బెంగళూరులో చూసుకుంటానన్నాడు. తర్వాత తెన్మొళి. పిల్లల బడి, అత్తగారి వైద్యం వదిలి ఎక్కడికీ రాలేనంది. డిజైన్ ఎవరితో పూర్తి చేయించాలో మేనేజరుకే అంతుపట్టలేదు. వస్తానన్నది తనుజ ఒక్కతే.

తల్లి హొన్నమ్మకు అది నచ్చలేదు. పేడ చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఆవుల్ని విడిచి నేను రాలేను. బిడ్డను ఆడ ఎవురు చూస్తారు?"

"వాళ్ల నాయన చూస్తాడమ్మా."

అసలు సంగతి అదే. తనుజ భర్త సుందర్ చిత్తూరులో ఒక కంపెనీలో ప్లాస్టిక్ భాగాల అచ్చులు డిజైన్ చేస్తాడు. అతని చదువుకు తగిన పని ధర్మపురిలో దొరకలేదు. ఆమె చదువుకు తగిన పని చిత్తూరులో దొరకలేదు. పెళ్లయినప్పటి నుంచీ శనివారం రావడం, ఆదివారం పోవడం. కూతురు ఇలక్కియాకు నాన్నంటే వారానికోసారి బస్సు దిగే మనిషి. తిరిగి తిరిగి సుందర్‌కు నడుం పట్టేసింది. ఈ మధ్య ఫోన్‌లో మాటలు కూడా తగ్గాయి. పోట్లాడుకునే ఓపిక సైతం ఇద్దరికీ లేదు.

అందుకే ఈ కబురు ఫోన్‌లో చెప్పాలనిపించలేదు. మూడేళ్లపాటు మానేయనని కంపెనీకి రాసిచ్చింది. చిత్తూరులో పాపకు బడి చూసింది. అతను ఎదురుగా ఉన్నప్పుడే చెప్పాలని వారమంతా నోరు మెదపలేదు.

ఆ శనివారం సుందర్ మామూలుకన్నా ముందే వచ్చాడు. కాళ్లు కడుక్కుని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పాప వెళ్లి ఒళ్లో చేరింది.

తనుజ కాఫీ గ్లాసు అందించి పక్కన కూర్చుంది.

"మావా, ఇంక నువ్వు బస్సెక్కే పని లేదు. మా కంపెనీ మీ ఊరికే పోతాండాది. మూడేళ్లు ఆడే ఉంటానని రాసిచ్చేసినాను."

సుందర్ గ్లాసు నేల మీద పెట్టాడు.

"నేనూ మా కంపెనీకి నిన్ననే రాసిచ్చినాను తనూ," అన్నాడు, "ఆడ మాకూ రాయితీ అయిపోయిందంట, సోగత్తూరులో మీరు ఖాళీ చేసే షెడ్డులోకే వస్తాండాము."