ఓనుయి నడక

"మాటలన్నీ పీకేశావా?"

మియోషిగారు స్క్రిప్టును చాప మీదికి విసిరికొట్టారు. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న డైరెక్టర్ కురాహషి తల వంచుకునే ఉన్నాడు.

"పీకెయ్యలేదు గురువుగారూ. చూపిస్తున్నాను. నాటకంలో ఓనుయి తన ఏడుపంతా పాడి చెప్పుకుంటుంది. సినిమాలో అదంతా మంచు చెబుతుంది. ఆరేసిన నీలిగుడ్డలు చెబుతాయి."

"ఓహో! మంచుకి నోరొచ్చిందా ఇప్పుడు?"

ఓనుయి ఓ అద్దకంవాడి భార్య. చెయ్యని తప్పుకి నింద మోసి, మంచులో నడుచుకుంటూ వెళ్లి ఏట్లో దిగిపోతుంది. రెండువందల ఏళ్ల నాటి విషాద నాటకం. నలభై ఏళ్లుగా క్యోటోలో ఓనుయి అంటే మియోషిగారే. ఆ ఆఖరి నడక చూసి ఏడవని ఇల్లాలు ఆ ఊళ్లో లేదు.

"సరే, మాటలు లేకుండానే చేస్తాను. షూటింగెప్పుడు?"

కురాహషి గొంతు సవరించుకున్నాడు. "వేషం తోమికో వేస్తోందండీ. మీరు పక్కనుండి నేర్పాలి."



"తోమికో ఎవరు?"

"కొత్తమ్మాయి. కోప్పడకండి. థియేటర్లో మొదటి వరసైనా మీకు పదడుగుల దూరం. కెమెరా జానెడు దూరానికొస్తుంది. అంత దగ్గర్నుంచి అది దేన్నీ దాచదు."

మియోషిగారికి యాభై ఎనిమిదేళ్లు. ఆ మాట గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. అయినా ఒప్పుకున్నారు. ఇష్టపడి కాదు. ఎవతో వచ్చి తన ఓనుయిని నవ్వులపాలు చేస్తుందన్న కోపంతో.

మర్నాటి నుంచి తోమికోకి నరకం మొదలైంది.

"మోకాళ్ల మధ్య ఈ కాగితం పెట్టుకో. నడు. కింద పడిందా, మళ్లీ మొదటికి రా."

కాగితం పడింది. పడుతూనే ఉంది.

"భుజాలు వెనక్కి లాగు. ఇంకా! బియ్యం బస్తా మోస్తున్నావా?"

నాలుగో రోజు తోమికో కాగితం తీసి ఉండ చుట్టింది. "ఇరవై రెండేళ్లుగా నడుస్తున్నాను. ఆడవాళ్ల నడక మీరు నాకు నేర్పేదేంటి?"

"నీది చేపల బజారుకెళ్లే నడక. ఆడదానిగా పుడితే సరిపోయిందనుకున్నావా? చావడానికి వెళ్లే ఆడది ఎలా నడుస్తుందో నేర్చుకోవాలి. నలభై ఏళ్లయింది, నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను."

తోమికో ఏడ్చింది. కాని మరో కాగితం తీసుకుంది.

జనవరిలో, ఏటిగట్టున షూటింగ్. రాత్రంతా కురిసిన మంచు తెల్లగా, ముడత లేని దుప్పటిలా పరుచుకుని ఉంది. తోమికో నడిచింది, జారింది. ఇంకోచోట నడిచింది, వణికింది. మూడోసారి నీళ్లంచున నిలబడి వెనక్కి తిరిగి కెమెరా వైపు చూసేసింది. గట్టంతా అడుగులతో బురదైపోయింది. ముట్టని మంచు ఇక మిగిలింది ఒక్క చివర, నలభై అడుగుల మేర.

"ఇదీ పోతే మళ్లీ మంచు ఎప్పుడు పడుతుందో!" కురాహషి టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

గొడుగు కింద నిలబడ్డ మియోషిగారు ముందుకొచ్చారు. "ఆ కిమోనో ఇలా ఇప్పించండి."

"గురువుగారూ, కెమెరా..."

"వెనక పెట్టు. కింద, నేలకి ఆనించి. మొహం కనబడదుగా! అంతా మంచే చెబుతుందన్నావు, చెప్పించు మరి!"

 కురాహషి కెమెరా కిందికి దించాడు.

గుడారంలోంచి బయటికొచ్చినప్పుడు, ఆ మనిషి రెండు పిడికిళ్ల ఎత్తు తగ్గినట్టనిపించింది. మెడ వంగింది. అడుగులు పడ్డాయి. మొదట గబగబా. తర్వాత ఒక్కొక్కటీ, ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు. నీళ్లంచున కాలు ముందుకు వెళ్లింది, చలికి వెనక్కొచ్చింది. చావబోయే మనిషికి చలేమిటని సిగ్గుపడ్డట్టు మళ్లీ వెళ్లింది. ఎవరూ చెప్పకపోయినా నడుం లోతుకి దిగిపోయారు. లైటు పట్టుకున్న ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. కురాహషి 'కట్' అనడమే మర్చిపోయాడు.

తర్వాత మంచులో చేతులాన్చి దణ్ణం పెట్టాడు. "మీ పేరు తెర మీద వేయిస్తానండీ."

వేయించలేకపోయాడు. పోస్టర్లు అప్పటికే అచ్చయిపోయాయని, అంతా తోమికో పేరుతోనే పోవాలని, ఈ సంగతి బయటికి పొక్కకూడదని కంపెనీ వాళ్లు కబురు పెట్టారు. ఆ కబురు తెచ్చినవాడి మొహాన మియోషిగారు వేడి టీ కొట్టినంత పని చేశారు.

సినిమా విడుదలైన నాలుగో రోజు పొద్దున్నే తోమికో వచ్చి గుమ్మం దగ్గరే కూలబడింది. చేతిలో పేపరు.

"నేను కాదని చెప్పేస్తాను గురువుగారూ. ఇవాళే చెప్పేస్తాను."

"ముందు చదువు."

"వద్దండీ."

"చదవమన్నానా!"

తోమికో చదివింది. "ఆఖరి నడకలో తోమికో మొహం ఒక్కసారైనా కనబడదు. అయినా ఆమె వీపు చూసి హాలంతా ఏడ్చింది. రెండువందల ఏళ్లుగా రంగస్థలం మీద చూసిందంతా దీని ముందు ఉత్త వేషమే. ఆ నడక నేర్చుకుంటే వచ్చేది కాదు."

మియోషిగారు పేపరు లాక్కుని రెండుగా, నాలుగుగా చింపి పొయ్యిలో పడేశారు. అది పూర్తిగా కాలిపోయేదాకా రెప్ప వెయ్యకుండా చూశారు.

"వెళ్లు. ఎవరికీ ఏమీ చెప్పకు. సాయంత్రం నాకు నాటకం ఉంది."

తోమికో వెళ్లిపోయాక, మియోషిగారు అద్దం ముందు కూర్చుని, చెంపలకి సబ్బు నురగ పట్టించి, గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు.