రెల్లులో వెతికే మనిషి

బురద ఎగిరొచ్చి ఎండుచేప పళ్ళెంలో పడింది.

"ఏయ్ పెద్దాయనా! కళ్ళు కనపడటం లేదా?" మల్సున్ అరిచింది.

రెల్లు దుబ్బుల మధ్య, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వెదురుగడతో అడుగున కెలుకుతున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"తప్పయిందమ్మా. చూసుకోలేదు."

"ఏటా ఇదే గోల. నేను మా ఆయనకు పెట్టుకునే రోజే దొరుకుతుందా నీకు?"

ఆయన అవతలికి జరిగాడు.

సియోల్‌లో వానలు అప్పుడే తగ్గుముఖం పట్టాయి. హాన్ నది ఇంకా మట్టిరంగులోనే ఉంది. నిండుగా, చప్పుడు లేకుండా పారుతోంది. పైన వంతెన మీద కార్లు బారులు తీరి ఉన్నాయి.

మల్సున్ చేప కడిగి మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. గిన్నెలో సోజు సారా పోసి నదిలో వంచింది. చాప మీద మోకరిల్లి నుదురు నేలకు ఆనించింది.

ఆమె భర్త థేసిక్. ఊళ్ళో సిటీ బస్సు నడిపేవాడు. ఒక వరద రోజున డ్యూటీ దిగి ఈ ఒడ్డునే నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాడు. మెట్ల మీంచి జారి ఎవరో పిల్ల నీళ్ళలో పడింది. బూట్లు కూడా విప్పకుండా దూకాడు. పిల్లను ఒడ్డుకు తోశాడు. తను మళ్ళీ పైకి రాలేదు.

శవం కూడా దొరకలేదు. సమాధి లేదు కాబట్టి మల్సున్ ఏటా ఇక్కడికే వస్తుంది.

లేచి చూస్తే ముసలాయన ఇటే చూస్తున్నాడు. ఆమెకు కాస్త జాలేసింది.

"రా. ఇందుకేగా చూపంతా!" అంటూ ఒక బియ్యప్పిండి ఉండ అందించింది.

ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తినలేదు.

"నీకూ ఈ నీళ్ళలో ఎవరైనా పోయారా?"

"పోయారమ్మా."

"కొడుకా?"

ఆయన నదివైపు చూశాడు.

"సరేలే, చెప్పకు. నాకైతే ఒక్కటే ధైర్యం. పోతూ పోతూ ఒక ప్రాణం నిలబెట్టి పోయాడు మా ఆయన. ఆ పిల్ల ఈ ఏడు కాలేజీలో చేరి ఉంటుంది. దారిలో ఆ వయసు ఆడపిల్ల కనపడితే ఆగిపోతాను. ఇదేనేమో అనిపిస్తుంది."

"చేరే ఉంటుందమ్మా," అన్నాడు ఆయన మెల్లగా. "బాగా చదువుకుంటూ ఉంటుంది."

"నీకేం తెలుసు?" మల్సున్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "పిల్లదేం పాపంలే. ఆ కన్నతండ్రి ఉన్నాడు చూడు, వాడూ ఒక మనిషే! ఇన్నేళ్ళలో ఒక్కసారి వచ్చి మొహం చూపించలేదు."

"ఏ మొహం పెట్టుకుని వస్తాడమ్మా?"

మల్సున్‌కు ఒళ్ళు మండింది.

"వాడి తరఫున వకాల్తా తీసుకున్నావా? తినమని పిలిచినందుకు నాకు బుద్ధొచ్చింది! పో. మళ్ళీ నేనున్న చోట కనపడకు."

ఆయన నడుము వంచి, చాలాసేపు అలాగే ఉండి, వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు రెల్లులో ఎవరూ లేరు.

మల్సున్ సామాను దించకుండా అటూ ఇటూ చూసింది. గట్టు మీద నూడుల్స్ కొట్టు నడిపే బోంగ్నేని ముసలాయన గురించి అడిగింది.

"యోమ్ తాతా? చలికాలంలోనే పోయాడక్కా. గడ్డకట్టే నీళ్ళలో దిగొద్దని నెత్తీ నోరూ మొత్తుకున్నాను, వింటేనా! రొమ్ములో నెమ్ము చేరింది. అదిగో, కింద ఉన్నావిడ ఆయన భార్యే."

మల్సున్‌కు పోయినేడు తను అన్న మాట గుర్తొచ్చింది. సంచీ కొట్లోనే వదిలి మెట్లు దిగింది.

నీళ్ళ అంచున ఒక బక్కపలచని ఆవిడ కూర్చుని సోజు సీసా మూత తీస్తోంది.

"ఆయన్ని ఇక్కడ చూస్తుండేదాన్ని. పోయారట కదా," అంది మల్సున్.

"పోయారండి."

"ఏం వెతికేవారు అన్నాళ్ళూ?"

"ఒక బస్సు డ్రైవరుగారి ఎముకలు."

మల్సున్ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"మా పిల్ల కోసం ఇక్కడే దూకారాయన. ఆయన్ని ఇంటికి చేర్చేదాకా నాకు నిద్రపట్టదనేవాడు మా ముసలాయన. మొదట్లో నేనూ తోడొచ్చేదాన్ని. మోకాళ్ళు పనిచెయ్యక మానేశాను."

మల్సున్ ఆవిడవైపు తిరిగింది.

"మరి... ఆ డ్రైవరు ఇంటికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా!"

"కర్మకాండ రోజున వెళ్ళాడండి. ఆ డ్రైవరుగారి తమ్ముడట, గుమ్మంలోనే గెంటేశాడు. మళ్ళీ వెళ్ళమని నేనే పోరాను. తనే వద్దన్నాడు. ఆ ఇల్లాలు ఒకే ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది, నేను ఫలానా అని తెలిస్తే అడుగుతుంది, అప్పుడేం చెప్పను అనేవాడు."

"ఏమని అడుగుతుంది?"

"మీ పిల్ల ఎలా ఉందని," అంది ఆవిడ సోజు నదిలోకి వంచుతూ. "ఒడ్డుకు చేరిన వారంలోనే అది ఆసుపత్రిలో కన్నుమూసిందని ఆ ఇల్లాలికి ఇప్పటికీ తెలియదండి."