తమ్ముడి నోట్లో పొట్లం

"అన్నయ్యా, తోట సంగతి తేల్చేద్దాం. ఆదివారం వస్తున్నా" అని రేవు పట్నం పుసాన్ నుంచి తమ్ముడు తేగ్యు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ పిల్‌గ్యుకి అన్నం సయించడం లేదు.

నాజు ఊరి పొలిమేరలో ఉన్న ఆ బేరిపళ్ల తోటను తండ్రి ఇద్దరి పేరా రాసిపోయాడు. ఇన్నేళ్లూ కొమ్మలు కత్తిరించిందీ, పురుగు పట్టకుండా కాయకాయకీ కాగితం సంచి తొడిగిందీ మాత్రం పిల్‌గ్యు ఒక్కడే. తమ్ముడు ఓడలు కట్టే చోట ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఒంటరిగా ఉండిపోయాడు. ఈ మధ్యే రిటైరయ్యాడు.

"పంచమంటాడే. సగం తోట పోతే మనకి మిగిలేది కంచె ఒక్కటే" అన్నాడు పిల్‌గ్యు పెళ్లాంతో.

ఓక్‌నిమ్ బేరిపండు తురుముతూ తలెత్తలేదు. "నోరు ఖాళీగా ఉంటే కదా అడిగేది?"

"అంటే?"

"నోరు తెరిచినప్పుడల్లా ఆకులో మాంసం చుట్టి ఒక పొట్లం పెట్టు. పెద్దవాడివి, నువ్వు చేత్తో అందిస్తే కాదంటాడా? సగం కొరికి పక్కన పెడతాడా? బుగ్గలో ముద్ద పెట్టుకుని నీ ముందు మాట్లాడతాడా? మీ అమ్మ పెంపకం ఆ మాత్రం ఉందిలే."

పిల్‌గ్యు ఆమెను ఎగాదిగా చూశాడు. "నా నోరూ ఇలాగే మూయించావా ఏంటి?"

"నీకంత మాంసం దండగ. ఒక చూపు చాలు."

పండక్కి కూడా పంది మాంసంతో సరిపెట్టే మనిషి, ఆ ఆదివారం కొవ్వు చారలు తేలిన మేలురకం గొడ్డు మాంసం తెచ్చాడు. ఓక్‌నిమ్ దాన్ని బేరిపండు రసంలో నానబెట్టింది. మిగిలిన తురుములో సోయా సాసు, వెల్లుల్లి, నువ్వులు కలిపి, అద్దుకోవడానికి తియ్యటి పులుసు చేసింది. లెట్యూస్ ఆకుల్లో అరచేయంతవే ఏరిపెట్టింది.

మధ్యాహ్నానికి తేగ్యు వచ్చి వాకిట్లో కుంపటి ముందు కూర్చున్నాడు. మాంసం చుయ్యిమంది.

"అన్నయ్యా, తోట విషయం..."

పిల్‌గ్యు అరచేతిలో ఆకు సిద్ధంగా ఉంది. అందులో అన్నం, మాంసం, వెల్లుల్లి రెబ్బ, పైన చెంచాడు పులుసు. మడిచి తమ్ముడి నోటికందించాడు. "ముందు తినరా. చల్లారితే తోలులా సాగుద్ది."

తేగ్యు రెండు బుగ్గలూ ఉబ్బించి నమిలాడు. మింగాడు. "నేనేమనుకున్నానంటే..."

"అయ్యో మరిదీ, ఎంత చిక్కిపోయావయ్యా!" ఈసారి వదిన చెయ్యి. పొట్లంలో అన్నం రెట్టింపు.

"అన్నం తగ్గించవే, ఊపిరాడక ఛస్తాడు" అని గొణిగాడు పిల్‌గ్యు.

"చావడులే. నమలడానికి టైం పట్టాలి" అని ఆమె అంతకంటే మెల్లగా గొణిగింది.

తేగ్యు గుటక వేశాడు. "అమ్మ ఉన్నప్పుడు..."

ఇంకొకటి. అందులో పచ్చిమిరపకాయ కూడా పడింది.

తేగ్యు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మిరపకాయ ఘాటెక్కిందా మరిదీ?"

కాదన్నట్టు తలూపి, వదిన చెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. అన్న ఆలస్యం చేయలేదు.

కుంపటి చల్లారింది. మాంసం పళ్లెం నాకినట్టు ఖాళీ అయింది. బస్సు వేళయింది. పొట్ట పట్టుకుని లేచిన తేగ్యుని మొగుడూ పెళ్లాం చెరో రెక్కా పట్టుకుని రోడ్డు దాకా నడిపించారు.

"ఒక్క మాట అన్నయ్యా..."

"తిన్న వెంటనే మాట్లాడితే అరగదు" అంది ఓక్‌నిమ్. "ఊపిరి పీల్చుకుంటూ నడు."

బస్సు వచ్చింది. తేగ్యుని దాదాపు ఎత్తి ఎక్కించారు. తలుపు మూసుకుంది. పిల్‌గ్యు పెళ్లాం వంక చూసి కన్నుగీటాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

బస్సు కదిలింది. కిటికీ అద్దం పక్కకి జరిగింది.

"నా సగం కూడా నీ పేరునే రాసిచ్చేస్తానని చెబుదామనే వచ్చా అన్నయ్యా, కానీ అమ్మ పోయాక నాకిన్ని ముద్దలు తినిపించిందెవరు, ఇక మిమ్మల్ని వదిలి ఉండలేను, నా వాటాలో చెట్లు కొట్టించి అక్కడే ఇల్లు కట్టుకుంటా!" అని తేగ్యు కళ్లు తుడుచుకుంటూ కేకేశాడు.