నీలం డబ్బా

"పాత సామానుకు ఉల్లిగడ్డలే! పగిలిన బకెట్లు, తెగిన చెప్పులు, నీలం డబ్బాలే!"

కిష్టారెడ్డిపేటకు ఆ ముసలాయన సైకిల్ మీద రావడం ఆ నెలలో అది మూడోసారి.

వాకిట్లో గిన్నెలు తోముతున్న ముత్యమ్మ తలెత్తలేదు.

ఉల్లిగడ్డలు మామూలు సామానుకే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీలం డబ్బా ఇస్తే మాత్రం కొత్త సత్తు బిందె ఇచ్చేవాడు. డబ్బాకు పిడిగా కట్టి ఉన్న ఎర్రతాడును జాగ్రత్తగా కోసి జేబులో పెట్టుకునేవాడు. తర్వాత డబ్బాను అక్కడే గొడ్డలితో పగలగొట్టేవాడు.

"మంచి డబ్బాలను ముక్కలు జేస్తడు. పిచ్చోడా ఏంది?" అంది పక్కింటి ఆగమ్మ.

"పిచ్చోడు బిందెలు పంచుతడా? దాంట్ల ఏదో మతలబు ఉన్నది," అంది ముత్యమ్మ.

సైకిల్ ఆమె వాకిలి ముందే ఆగింది. అరుగు మీద నీళ్లు నింపిన నీలం డబ్బా ఉంది.

"అక్కా, గా డబ్బా ఇయ్యి. ముక్కలను కరిగించి పైపులు జేస్తరు. నీళ్లకు బిందె పెట్టుకో."

"నీ బిందెల ఎన్ని పడతయ్? ట్యాంకరు రెండొద్దులకోసారి వస్తది."

"రెండు బిందెలిస్త."

ముత్యమ్మకు అనుమానం ఇంకా ముదిరింది.

"మా ఆయన అంగడిల కొని నెత్తిన పెట్టుకొని తెచ్చిండు. ఆయన పోయినంక గిదొక్కటే మిగిలింది. ఇయ్య."

ముసలాయన డబ్బా పిడి వైపు చూసి తల దించుకున్నాడు.

"అది ఫ్యాక్టరీల విషపు మందులు పోసిన డబ్బా అక్కా. ఇంట్ల పసిపిల్ల ఉన్నట్టున్నది."

"చింతపండు, బూడిద పెట్టి తోమిన. వాసన గూడ లేదు."

"వాసన పోతది. మందు పోదు."

"నీకెట్ల ఎరుక? నువ్వేమన్న డాక్టరువా?"

ముసలాయన సైకిల్ వెనక్కి తిప్పాడు.

"మళ్లొస్త అక్కా. జెర ఆలోచన జెయ్యి," అని సైకిల్ ఎక్కాడు.

రెండుసార్లు మళ్లీ వచ్చాడు. రెండుసార్లూ ముత్యమ్మ తలుపు వేసుకుంది.

ఆ వానాకాలం మనవరాలు అరుణ కడుపునొప్పితో మెలికలు తిరిగింది. ఎన్ని గోలీలు వేసినా తగ్గలేదు. చివరికి సంగారెడ్డిలో ఒక డాక్టరమ్మ అడిగింది.

"తాగే నీళ్లు దేంట్ల పెడతున్నరు?"

ముత్యమ్మకు అరుగు మీది నీలం డబ్బా గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే నీళ్లన్నీ పారబోసింది. నెల తిరిగేసరికి పిల్ల తేరుకుంది.

ఖాళీ డబ్బా అరుగు మీదే ఉంది. ఉల్లిగడ్డల కేక కోసం ముత్యమ్మ రోజూ చెవులు రిక్కించేది. కేక వినపడలేదు.

ఉండబట్టలేక ఒకరోజు, అతనిది పటాన్‌చెరు అని విని, డబ్బా పట్టుకుని బస్సెక్కింది. డబ్బాలు పగలగొట్టే ముసలాయన అంటే అంగడి వెనక ఇల్లు చూపించారు.

గోడకు సైకిల్ ఆనించి ఉంది. లోపలి నుంచి అతని భార్య సంగమ్మ వచ్చింది.

"ఆయన పోయి పదిరోజులాయె," అంది. ముత్యమ్మ చేతిలోని డబ్బాను చూసి ఆగింది. "కిష్టారెడ్డిపేటల ఒక్కటి మిగిలిందని ఆఖరిదాంక గదే కలవరించిండు."

"చెప్తే ఇననైతి చెల్లె. మా ఆయన తెచ్చిన డబ్బా అని ఇడువనైతి. ముక్కూ మొగం ఎరుగని నా కోసం గంత తండ్లాడిండు. దేవుడసొంటోడు."

సంగమ్మ లోపలికి పోయింది. కత్తిపీట తెచ్చి డబ్బాకున్న ఎర్రతాడును కోసింది. గోడ మేకుకు తగిలించింది.

ఆ మేకుకు అలాంటి ఎర్రతాళ్లే గుత్తిగా వేలాడుతున్నాయి. అన్నిటికీ ఒకటే తీరు ముడి.

"దేవుడు గాదక్కా," అంది సంగమ్మ. "పదేండ్ల కింద ఫ్యాక్టరీ డబ్బాలు కడిగి, ఈ తాళ్లు గట్టి, నీళ్లకు మంచిగుంటయని అంగడిల మీ ఆయనకు అమ్మింది మా ఆయనే."