నాలుగో అంతస్తు పెద్దాయన

“ఆ హోటల్ తప్ప ఇంకేదైనా సరే!” అంటూ భార్య ల్యాప్‌టాప్ మూత దభీమని వేసేసింది. కొంచెముంటే భర్త వేళ్లు అందులో నలిగేవి.

“నీకేమైనా పిచ్చా? వారం రోజులు కళ్లు పీక్కుపోయేలా వెతికితే దొరికిన గది అది. కిటికీ తీస్తే సముద్రం, కిందికి దిగితే ఈతకొలను. తలగడలే ఆరు రకాలట! పెళ్లయిన పదకొండేళ్లకి దేశం దాటుతున్నాం, అదైనా దర్జాగా దాటనీ.”

“అంత దర్జా గది సగం ధరకే ఎందుకిస్తున్నారో చూశారా?”

“చూశాను. నాలుగో అంతస్తులో దయ్యం తిరుగుతోందట!” పకపకా నవ్వుతూ కాళ్లు చాపబోయాడు. సోఫా కింద ఏదో తగిలింది. బొటనవేలితో బయటికి లాగాడు. అరిగిపోయిన తోలు చెప్పు. మగవాళ్లది. ఒక్కటే. “ఇదింకా ఇక్కడే ఏడుస్తోందా? ఎవరిదే ఇది?”

“ఏమో. మనం ఈ ఇంట్లో దిగినప్పట్నుంచీ ఉంది. జతది దొరుకుతుందేమోనని ఉంచాను.”

“భద్రంగా దాచుకో,” అని దాన్ని మళ్లీ లోపలికి తన్ని, ల్యాప్‌టాప్ తెరిచి, ఆ హోటల్ గురించి ఎవరో రాసిన అభిప్రాయాన్ని నాటకాల రాయుడిలా గొంతు మార్చి చదవడం మొదలెట్టాడు. “‘పట్టపగలు. భోంచేసి కునుకు తీస్తుంటే తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే ఒక పెద్దాయన. ఒక కాలికే చెప్పు ఉంది. మా అమ్మాయి వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. సర్లే, వస్తుంది అని వెళ్లిపోయాడు. కింద ఆఫీసులో అడిగితే అలాంటి మనిషే లేడన్నారు.’ అబ్బ, ఎవడో గానీ ఏం రాశాడే మహానుభావుడు!”

“మహానుభావుడు కాదు. అది రాసింది నేను.”

భర్త తెర మీంచి తలెత్తాడు.

ఇంట్లో కూర్చుని తను చేసేది టైపింగు పని అని ఇన్నాళ్లూ చెప్పిందావిడ. అసలు పని వేరు. చూడని హోటళ్ల మీద, పడుకోని పరుపుల మీద, రోజుకో పేరు పెట్టుకుని అభిప్రాయాలు రాయడం. పని ఇచ్చిన హోటల్‌ని ఆకాశానికెత్తాలి, దాని పోటీ హోటల్ మీద దుమ్మెత్తిపోయాలి. పని నేర్పినావిడ ఒకటే కిటుకు చెప్పింది. ఎంత అబద్ధమైనా రాయి, కానీ అందులో ఎందుకూ కొరగాని చిన్న వివరమొకటి పెట్టు, దాన్ని చూసి జనం మిగతాదంతా నమ్మేస్తారని. ఈ దయ్యం సంగతి రాసిన రోజు అలాంటి వివరం కోసం దిక్కులు చూస్తుంటే సోఫా కింద ఈ చెప్పు కనబడింది.

విన్నాక భర్త తొడ చరుచుకుని నవ్వాడు. “ఓసి నీ తెలివి తెల్లారా! అయితే దయ్యం మనింటి సరుకేనన్నమాట. ఇంక భయమెందుకు? బుక్ చేసేస్తున్నా.”

“ఆగండి. దాని తర్వాత ఎన్ని ఉన్నాయో చూడండి.”

తెర కిందికి జరుపుతూ లెక్కపెట్టాడు. “ముప్పై ఏడు. ఒకావిడకి బాల్కనీలో కనబడ్డాడట, ఒకాయన్ని లిఫ్టులో ఆపాడట. అందర్నీ అదే ప్రశ్న. పాపం, బాగానే కష్టపడ్డావే!”

“నేను రాసింది ఒక్కటేనండీ.”

నవ్వు సగంలో తెగిపోయింది. “నీలాంటి వాళ్లే ఇంకెవరో రాసుంటారు.”

“పని ఇచ్చినవాళ్లని అడిగాను. ఇంకెవరికీ ఇవ్వలేదన్నారు.”

చిట్టచివరిది నిన్న రాసింది. అది చదివేటప్పుడు మాత్రం భర్త గొంతు మార్చలేదు. “‘పెద్దాయన నన్నేమీ అడగలేదు. మా అమ్మాయి బయల్దేరుతోంది అని చెప్పి నవ్వాడు.’” “ఇంతకీ ఆ ముసలాయన కూతురెవరు?” అన్నాడు మెల్లగా.

“నేను కూతుర్ని రాయలేదు. అడుగుతున్నట్టు రాశానంతే.” ఆవిడ తెర వైపు చెయ్యి చూపింది. “ఆయన్ని పుట్టించింది నేను. ఆయనకి నేను తప్ప ఎవరున్నారు?”

భర్త ఆ పేజీ మూసేశాడు. ఆ ఊరొద్దు, ఆ సముద్రమే వద్దనుకున్నారు. చివరికి ఇంకో దేశంలో, కొండ మీద నిన్నగాక మొన్న తెరిచిన హోటల్ పట్టారు. దాని గురించి మంచిగా గానీ చెడుగా గానీ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఆవిడకి నచ్చింది. బుకింగ్ అయిపోయింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చింది.

ఫోన్ మోగింది. భర్త స్పీకర్ పెట్టాడు.

“నమస్కారమండీ, హోటల్ నుంచి మాట్లాడుతున్నాం.” అచ్చంగా మన భాషే. “మీకు తలగడ మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా?”

‘చూశావా, దర్జా అంటే ఇదీ’ అన్నట్టు భర్త కళ్లెగరేశాడు. “మెత్తగానే కానివ్వండి.”

“అలాగేనండీ. పక్క గది కూడా మీవాళ్లదే కదా, మధ్య తలుపు గడియ తీసి ఉంచమంటారా?”

“మావాళ్లెవరండీ?”

“మేడమ్ గారి నాన్నగారు. ఇందాకే దిగారు.”

“మామయ్యగారా?” భర్త తెల్లబోయాడు. “మోకాళ్ల నొప్పులతో ఆయన వాళ్ల వీధి మలుపు దాకా కూడా నడవలేరే! పొద్దున్నే ఇంటి దగ్గర్నుంచి మాట్లాడారు కూడా.”

భార్య టీ గ్లాసు కింద పెట్టి ఫోన్ మీదికి వంగింది. “ఆయన... సామాను ఏమైనా తెచ్చుకున్నారా?”

“ఏమీ లేదండీ. మీకొక్క మాట చెప్పమన్నారు,” అంది అవతలి గొంతు మర్యాదగా. “సోఫా కిందున్న రెండో చెప్పు మర్చిపోకుండా తెమ్మన్నారు.”